ఎవరన్నారు? ఎక్కడ?



ఈ ఉపన్యాసం పెట్టిన ధర్మనిధి ఎవరి పేరున ఉందో ఆహ్వానపత్రికలో అచ్చయింది. మాలో ఎవరమూ ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లం కాదు. "మాస్టారు" అంటే ఈ ఆవరణలో ఇంకొకరు గుర్తొచ్చేవారు కాదు. నేనూ అలాగే అంటాను. నిధి జమ చేసిన రోజున మాస్టారి అమ్మాయి ఒక మాట అన్నారు: "నాన్నగారు ఎంత మంచివారో చెప్పే ఉపన్యాసాలు వద్దండీ. ఆయన చేసిన పని గురించి ఏడాదికొకరు మాట్లాడితే చాలు." ఆయన చేసిన పనుల్లో నాకు దగ్గరగా తెలిసింది ఒకటే. చివరి సంవత్సరం విద్యార్థులు రాసిన డిసర్టేషన్లను ఆయన చదివేవారు. మొదటి పేజీ నుంచి చివరి ఫుట్‌నోట్ దాకా చదివేవారు. ఇది విశేషంగా చెప్పుకోవలసి రావడం మన వృత్తికి అంత గౌరవం కాదు, అయినా చెప్పక తప్పదు.

చాప్టరు ఇస్తే వారం తిరక్కుండా వెనక్కి వచ్చేది. మార్జిన్లో ఎర్ర పెన్సిలుతో అక్కడక్కడా ఒకే మాట: "ఎవరన్నారు?" ఫుట్‌నోట్లో ఒక పేరు చేర్చి తీసుకెళితే రెండోసారి "ఎక్కడ?" అని ఉండేది. పేజీ నంబరు కూడా వేసి తీసుకెళితే ఇక పెన్సిలు పట్టేవారు కాదు. కళ్లజోడు తీసి అడిగేవారు: "ఆ పేజీ నువ్వు చూశావా?" ఆ మూడో ప్రశ్న దగ్గర మా బ్యాచ్‌లో నీళ్లు నమలని వాళ్లు లేరు. నేనైతే రెండుసార్లు నమిలాను.

బి.ఎ. ఎల్‌ఎల్.బి. ఆనర్స్ అని మనం డిగ్రీ పక్కన రాసుకునే మాటకు అర్థం బార్ కౌన్సిల్ వారి 2008 నియమాల్లో ఉంది. తప్పనిసరి పేపర్లు 20, క్లినికల్ పేపర్లు 4, ఐచ్ఛికాలు కనీసం 6, వీటిపైన ఇంకో 8 పేపర్లు చదివితే ఆనర్స్. అంటే నియమం దృష్టిలో ఆనర్స్ అనేది ఒక లెక్క. డిసర్టేషన్ సంగతి యూనివర్సిటీ ఇష్టం. కొన్నిచోట్ల తప్పనిసరి, కొన్నిచోట్ల ఒక పేపరుకు బదులు. బెంగళూరులో మాధవ మీనన్ గారు నేషనల్ లా స్కూలు నడిపి చూపించాక, హైదరాబాదులో 1998లో నల్సార్, విశాఖలో 2008లో, ఇప్పుడు దామోదరం సంజీవయ్య గారి పేరున ఉన్న లా యూనివర్సిటీ వచ్చాక, ప్రాజెక్టులు రాయించే అలవాటు మామూలు కాలేజీలకూ పాకింది. ప్రాజెక్టు పాకింది గానీ ప్రశ్న పాకలేదు. ఈ మధ్యాహ్నం నా ఫిర్యాదు అదే.

ఐదేళ్లలో మీరు రాసే పరీక్షల సంగతి ఆలోచించండి. ప్రశ్న ఎవరో ఇస్తారు. జవాబు ఎక్కడో ఒకచోట అచ్చయి ఉంటుంది, టెక్స్ట్‌బుక్‌లోనో, సీనియర్ నోట్సులోనో, పరీక్షకు వారం ముందు జిరాక్స్ షాపు వాడు కట్టగట్టి అమ్మేదాంట్లోనో. ఆ అచ్చయిన జవాబును మూడు గంటలసేపు మోసుకొచ్చి కాగితం మీద దించడమే మన పని. డిసర్టేషన్‌లో మాత్రం ప్రశ్న కూడా మీదే. జవాబు ఎక్కడా లేదు. ఉంటే ఆ ప్రశ్న మీకు పనికిరాదు. చదువు మొత్తంలో మీకు మీరుగా ఏదైనా తెలుసుకునే అవకాశం ఈ ఒక్క సెమిస్టరులోనే వస్తుంది. దాన్ని మనం స్పైరల్ బైండింగు పనిగా మార్చేశాం.

ప్రతి ఏటా టాపిక్‌ల జాబితా నా బల్ల మీదకు వచ్చేది. "గిరిజనుల భూమి హక్కులు: ఒక విమర్శనాత్మక అధ్యయనం." "మహిళా సాధికారతలో చట్టం పాత్ర: ఒక విమర్శనాత్మక అధ్యయనం." విమర్శ ఎక్కడుందా అని లోపల వెతికితే, టైటిల్ పేజీ దాటి ఎక్కడా కనిపించదు. ఇవి చెడ్డ విషయాలని నేననను. ఇవి విషయాలే గానీ ప్రశ్నలు కావు. వీటికి తప్పు జవాబు అంటూ ఉండదు, అదీ చిక్కు. గిరిజనులకు హక్కులున్నాయి, అమలులో లోపాలున్నాయి, ప్రభుత్వం చిత్తశుద్ధితో పనిచేయాలి అని రాస్తే ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేని మాట రాయడానికి లైబ్రరీకి వెళ్లనక్కర్లేదు. టాపిక్ పట్టుకొచ్చిన వాళ్లను మాస్టారు ఒకటే అడిగేవారు: "నువ్వనుకున్నదానికి ఎదురు జవాబు వచ్చే వీలుందా ఇందులో?" లేదంటే కాగితం తిరిగి ఇచ్చేసేవారు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. రంపచోడవరం వైపు నుంచి వచ్చినవాడు. గిరిజనుల భూమి హక్కులు అన్న ఆ పెద్ద టాపిక్‌తోనే వచ్చాడు. ఏజెన్సీ భూముల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు వచ్చి కొన్నేళ్లయింది, సమాచార హక్కు చట్టం ఇంకా రాలేదు. అప్పటికి నేను కొత్తగా చేరిన లెక్చరర్ని, మాస్టారి గదిలోనే ఒక మూల నా బల్ల. ఆరు నెలలు ఆ కుర్రాడి టాపిక్ చిక్కిపోవడం ఆ మూల నుంచే చూశాను.

మొదటి విడతలో ఏజెన్సీ ప్రాంతాల భూమి బదలాయింపు నిబంధన ఒక్కటే మిగిలింది. 1959లో చేసిన మొదటి రెగ్యులేషన్, 1970లో దాన్ని సవరించిన మొదటి రెగ్యులేషన్. ఏజెన్సీలో ముసలివాళ్లు కూడా "వన్ ఆఫ్ సెవెంటీ" అనే అంటారు, చదువురానివాళ్లు సైతం. ఒక చట్టం నంబరు అలా జనం నోట్లో నానడం మన రాష్ట్రంలో ఇంకెక్కడా నేను చూడలేదు.

రెండో విడతలో మాస్టారు అతన్ని ఆ నిబంధనలోని ఒక్క మాట దగ్గర కూర్చోబెట్టారు. ఆ మాట "వ్యక్తి". షెడ్యూల్డు ప్రాంతంలో ఏ వ్యక్తి అయినా, గిరిజనుడైనా కాకపోయినా, స్థిరాస్తిని గిరిజనుడికో, కేవలం గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదని నిబంధన. మరి ప్రభుత్వం ఆ "వ్యక్తి" కిందకు వస్తుందా? అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కినప్పుడు అసలు గొడవ ఈ ఒక్క మాట మీదే తిరిగింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు వస్తుందనే చెప్పింది. ప్రభుత్వం కూడా వ్యక్తే, కాబట్టి గిరిజనేతరులకు లీజు ఇవ్వడానికి దానికీ వీల్లేదు. ముగ్గురు జడ్జీల్లో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ పట్నాయక్ ఒకవైపు. తర్వాత 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టులోనే ఇంకో బెంచి సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అని గట్టిగా అనుమానం వెలిబుచ్చింది. అనుమానం వెలిబుచ్చింది గానీ, తీర్పును తోసిపుచ్చలేదు. ఆ తేడా గమనించకుండా "బాల్కోతో సమత పోయింది" అని రాసిన కాగితాలు నా చేతిమీదుగా ఎన్నో వెళ్లాయి.

మన కుర్రాడు అక్కడే ఆగిపోయేవాడు. చక్కని తీర్పు, చక్కని అనుమానం, రెండు చాప్టర్లు వచ్చేస్తాయి. మాస్టారు ఇంకో మెట్టు దించారు. ఆ రెగ్యులేషన్‌లో ఇంకో సంగతి ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని, వేరుగా రుజువయ్యేదాకా, అనుకోవాలి. రుజువు భారం గిరిజనేతరుడిదే. పుస్తకంలో ఇంత బలమైన నిబంధన ఉంటే, కేసు విచారించే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో దాన్ని నిజంగా వాడుతున్నారా? కుర్రాడికి అనుమానం లేదు. వాడరు, అందుకే భూములు పోతున్నాయి అన్నాడు. "ఎవరన్నారు?" అన్నారు మాస్టారు.

వెళ్లాడు. ఒక ఏజెన్సీ పట్టణంలోని ఆఫీసు వరండాలో బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నాడు. కాలేజీ ఉత్తరం చూపిస్తే రేపు రమ్మన్నారు, రేపు వెళితే సారు క్యాంపులో ఉన్నారన్నారు. మూడో రోజు అక్కడి అటెండరు, ఈ కుర్రాడి పక్క ఊరివాడే, టీ తాగుతూ ఊరిపేరు అడిగి పాత ఆర్డర్ల కట్టలు తీయించాడు. పరిశోధన పద్ధతుల పుస్తకాల్లో ఈ అధ్యాయం ఉండదు. ఇవాళైతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఆ అటెండరు చేసిన మేలు మాత్రం ఏ చట్టమూ చేయదు.

తిరిగొచ్చిన కుర్రాడి మొహం వాడిపోయింది. అతను చూసిన ఆర్డర్లలో ఆ నిబంధనను దాదాపు ప్రతిచోటా పేర్కొన్నారు. వాడరన్నది తప్పు. కానీ పేర్కొన్న తర్వాత కథ ఇంకో దారిన నడిచింది. 1970 ఫిబ్రవరి 3న కొత్త రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. అంతకుముందు గిరిజనేతరుల మధ్య జరిగిన అమ్మకాలకు అది వర్తించదన్నది అవతలివాళ్ల వాదన. దాంతో ప్రతి కేసూ ఒక పాత కాగితం తేదీ మీదకు వచ్చి పడుతుంది. రుజువు భారం ఎవరిదన్నది పక్కకు పోయి, ఆ కాగితం నమ్మదగిందా కాదా అన్నది మిగులుతుంది. కాగితం ఎలా పరీక్షించారో మాత్రం ఆర్డర్లలో రెండు వాక్యాలకు మించి ఉండదు.

"సార్, నేననుకున్నది తప్పయింది" అన్నాడు. మాస్టారు ఓదార్చలేదు. "ఎన్ని ఆర్డర్లు చూశావు? ఎన్నింటిలో కాగితం ఉంది? రిజిస్టర్డా, తెల్లకాగితమా? లెక్క రాసుకున్నావా?" అన్నారు. రాసుకోలేదు. మళ్లీ బస్సెక్కాడు.

ఆ డిసర్టేషన్ 90 పేజీలు కూడా లేదు. చివర్లో "ప్రభుత్వం చిత్తశుద్ధితో" అన్న వాక్యం లేదు. పాత కాగితాన్ని విచారణ అధికారి పరీక్షించేటప్పుడు ఏయే అంశాలు ఆర్డరులో రాయాలో ఒక పేజీ సూచన మాత్రం ఉంది. ఏజెన్సీ భూమి కేసుల మీద నేను చదివిన పెద్ద పుస్తకాల్లో చాలావాటికన్నా అందులో నేర్చుకున్నది ఎక్కువ. అది ఇప్పుడెక్కడుందో చివర్లో చెబుతాను.

ఊళ్లకు వెళ్లి కట్టలు విప్పితేనే పరిశోధన అని మీరు అనుకోవద్దు. కుర్చీలోంచి కదలకుండా తీర్పులే చదివి చేసే పని ఇంకా కష్టం, ఇంకా విలువైనది కూడా కావచ్చు. ఇది ఉపన్యాస సందర్భం కాబట్టి ఒక ఉపన్యాసం సంగతే చెబుతాను.

1965 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయం లా విభాగంలో డీట్రిష్ కాన్రాడ్ అనే జర్మన్ ఆచార్యుడు మాట్లాడారు. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా చట్టాలు చూసేవారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి, పైకి రాయకపోయినా, లోపల హద్దులున్నాయా అన్నది ఆయన ప్రశ్న. ఆర్టికల్ 21ని ఎత్తేసి మనిషి ప్రాణం తీయడానికి చట్టం కూడా అక్కర్లేదనే సవరణ చేయవచ్చా? మొఘల్ చక్రవర్తినో బ్రిటిష్ రాణినో తిరిగి గద్దెనెక్కించే సవరణ చేయవచ్చా? ఆయన దేశానికి ఇది ఊహ కాదు. 1919 నాటి వైమార్ రాజ్యాంగం చట్టబద్ధంగానే డొల్లయిపోవడం చూసిన దేశం అది. ఆ అనుభవంతోనే 1949 రాజ్యాంగంలో కొన్ని అంశాలను సవరణకు అందకుండా పెట్టుకున్నారు.

అప్పటికి మన దగ్గర ఈ విషయం తేలిపోయినట్టే. 1951లో శంకరీ ప్రసాద్, 1964లో సజ్జన్ సింగ్, రెండు కేసుల్లోనూ పార్లమెంటు సవరణ అధికారానికి అడ్డులేదనే సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్షకు చదివేవాడు అక్కడ గీత గీసి పేజీ తిప్పేస్తాడు. అదే సజ్జన్ సింగ్ తీర్పులో జస్టిస్ హిదాయతుల్లా, జస్టిస్ ముధోల్కర్ చెరో అనుమానం రాసిపెట్టారు. ప్రశ్న ఉండేది అలాంటి చోట్లే. కాన్రాడ్ ఉపన్యాసపు ప్రతి మద్రాసు న్యాయవాది ఎం.కె. నంబియార్ చేతికి చేరింది, ఆయన దాన్ని గోలక్‌నాథ్ కేసులో కోర్టు ముందు పెట్టారు. ఆ 11 మంది బెంచికి ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు గారు. వాదనలో బలముంది, కానీ ఈ కేసులో దాన్ని తేల్చక్కర్లేదు అని 1967లో పక్కన పెట్టారు. ఆరేళ్ల తర్వాత, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో 13 మందిలో ఏడుగురు రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్నారు. ఆ ఏడుగురిలో మన జస్టిస్ పి. జగన్‌మోహన్ రెడ్డి గారున్నారు. జస్టిస్ ఖన్నా తన తీర్పులో కాన్రాడ్‌ను ఉటంకించారు కూడా.

మీ డిసర్టేషన్ సుప్రీంకోర్టుకు వెళుతుందని ఆశ పెట్టడానికి ఈ కథ చెప్పడం లేదు. వెళ్లదు. ఆ జర్మన్ ఆచార్యుడు తేలిపోయిందనుకున్న చోట ఆగి చూశారు, అంతవరకు మీకూ సాధ్యమే. మైనారిటీ తీర్పు చదవండి. "దీన్ని ఇక్కడ తేల్చనక్కర్లేదు" అని జడ్జిగారు వదిలేసిన పేరా దగ్గర పెన్సిలు గుర్తు పెట్టుకోండి. ఒక డిసర్టేషన్‌కు సరిపడా పని అక్కడ మీకోసం ఆగి ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మాస్టారు రిటైరయ్యాక ఆ గది, ఆ బాధ్యత నాకు వచ్చాయి. ఎర్ర పెన్సిలు మాత్రం రాలేదు. ఒక ఏడాది నాకు 14 మంది విద్యార్థులు. సబ్మిషన్ చివరి రోజు సాయంత్రం ఫోన్ ట్యాపింగ్ మీద రాసిన ఒక డిసర్టేషన్‌కు, చివరి రెండు చాప్టర్లు చూడకుండానే, "ఇది నా పర్యవేక్షణలో జరిగిన స్వంత పరిశోధన" అన్న సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. 2018 ఏప్రిల్‌లో వైవా. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక పేజీ తెరిచి మెల్లగా చదివారు: గోప్యత ప్రాథమిక హక్కా కాదా అన్నది ఇంకా తేలవలసి ఉంది, ఎం.పి. శర్మ, ఖరక్ సింగ్ తీర్పులు ఇంకా నిలిచే ఉన్నాయి. "పుట్టస్వామి వచ్చి ఎనిమిది నెలలైందమ్మా" అన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ పాత తీర్పుల్లో గోప్యతకు అడ్డంగా ఉన్న భాగాలను తోసిపుచ్చారు. అన్ని పేపర్లలో మొదటి పేజీ వార్త అది. ఆ అమ్మాయి ఆ చాప్టర్‌ను మూడేళ్ల సీనియర్ దగ్గర తెచ్చుకుంది. సీనియర్ రాసినప్పుడు ఆ వాక్యం సరైనదే.

ఎగ్జామినర్ ఆ అమ్మాయిని ఇంకేమీ అనలేదు. నావైపు చూశారు, అంతే. ఇంటికొచ్చి ఖరక్ సింగ్ తీర్పు తీశాను. 1962లో మైనారిటీగా నిలబడి గోప్యత స్వేచ్ఛలో భాగమేనని రాసింది మళ్లీ ఆ సుబ్బారావు గారే. 55 ఏళ్ల తర్వాత తొమ్మిదిమంది అదే సరైనదన్నారు. ఆ అమ్మాయికి ఈ ఒక్క సంగతి ముందుగా చూపించి ఉంటే ఎంత మంచి చాప్టర్ వచ్చేదో. దాన్ని చెడగొట్టింది ఆమె కాపీ కాదు, నా సంతకం.

గైడ్ అంటే ఏమిటో అప్పటి నుంచి నాకు స్పష్టంగా తెలిసింది. రెండు వారాలకొకసారి అరగంట. విద్యార్థి రాసింది రెండు పేజీలే అయినా కూర్చోవాలి. ఏమీ రాయకపోతే ఎందుకు రాయలేకపోయాడో వినాలి. కలిసిన తేదీ, మాట్లాడుకున్నది ఒక నోటుబుక్కులో ఇద్దరూ రాసుకోవాలి. ప్రశ్న తప్పని మొదటి నెలలోనే తేలితే మార్చుకోమనాలి, ఐదో నెలలో తేలితే ఆ తప్పునే చాప్టర్‌గా రాయమనాలి. ఇంతకుమించి రహస్యమేమీ లేదు. ఇది ఆరుగురికి చేయవచ్చు. పద్నాలుగు మందికి ఎవరూ చేయలేరు, నేనూ చేయలేదు. "డాక్ట్రినల్, నాన్ డాక్ట్రినల్" అంటూ పరిశోధన పద్ధతుల మీద పాతికేళ్లుగా ఒకే ఐదు పేజీలు ప్రతి డిసర్టేషన్ మొదట్లో తిరుగుతున్నాయి. వాటిని రద్దుచేస్తే దేశానికి కాస్త కాగితం మిగులుతుంది.

కాపీ సంగతికి వచ్చాం కాబట్టి యూజీసీ వారి 2018 నియమాలూ చెప్పుకోవాలి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. చట్టాల పాఠం, మూలం చెప్పిన ఉల్లేఖనలు, వరసగా 14 మాటల దాకా యాదృచ్ఛికంగా కలిసేవి ఇందులో లెక్కకు రావు. నియమం మంచిదే. దాన్ని మన పిల్లలు ఏం చేశారో చూడండి. శాతం తగ్గించడానికి మాటకు మాట మార్చే సాఫ్ట్‌వేర్ వాడారు. ఒక డిసర్టేషన్‌లో ఫండమెంటల్ రైట్స్ కాస్తా రూడిమెంటరీ రైట్స్ అయ్యాయి, సుప్రీంకోర్టు సుప్రీం ఆవరణ అయింది. పోలిక ఆరు శాతం! నియమం ప్రకారం అది నిష్కళంకం. మాస్టారి ప్రశ్నల ముందు మాత్రం మొదటి పేరా దాటదు.

కృత్రిమ మేధ వచ్చాక మూడో ప్రశ్నకు విలువ ఇంకా పెరిగింది. 2023లో న్యూయార్కు ఫెడరల్ కోర్టులో ఏవియాంకా విమాన సంస్థ మీద నడిచిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన ఆరు పాత తీర్పులను చూపించారు. పేర్లున్నాయి, సంఖ్యలున్నాయి, పేజీలున్నాయి. ఆ తీర్పులే లేవు. అనుమానం వచ్చి ఆ లాయరు ఈ కేసు నిజమేనా అని మళ్లీ ఆ యంత్రాన్నే అడిగాడు, నిజమేనంది. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఎవరన్నారు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలకూ ఆ కాగితంలో జవాబుంది. "ఆ పేజీ నువ్వు చూశావా?" అన్నదానికే లేదు. పేజీ చూడటం ఇవాళ మా కాలమంత కష్టం కూడా కాదు. మేం ఆంధ్రా లా టైమ్స్ బౌండ్ వాల్యూముల కోసం నిచ్చెన ఎక్కేవాళ్లం. 2023 జనవరి నుంచి సుప్రీంకోర్టే తన రిపోర్టులను ఉచితంగా తెరిచి పెట్టింది. ఫోన్‌లో చూడొచ్చు. యంత్రాన్ని వాడొద్దని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. అది చూపించిన ప్రతి తీర్పునూ ఒక్కసారి స్వయంగా తెరిచి చూడండి, అంతే అడుగుతున్నాను.

ఇంకో మాట తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలకు. ఇంగ్లిషు తడబడుతుందని వెనక వరసలో కూర్చునేది మీరే, నాకు తెలుసు. నేనూ అక్కడే కూర్చున్నాను. భూమి మీద రాసే డిసర్టేషన్‌లో మీదే పైచేయి అని ఎవరూ మీకు చెప్పలేదు. పహాణీ, సేత్వార్, అడంగల్ చదవగలిగేది మీరు. తెలంగాణ నుంచి వచ్చిన ఒకమ్మాయి సాదాబైనామాల మీద రాస్తూ, ఇంగ్లిషులో బాగుంటుందని ప్రతిచోటా "వైట్ పేపర్" అని రాసింది. ఉత్తరాది ఎగ్జామినర్ ప్రభుత్వం విడుదల చేసే శ్వేతపత్రమనుకుని రెండు చాప్టర్లు చదివారు. పేరు మార్చకండి. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాన్ని సాదాబైనామా అంటారని ఒక్కసారి వివరించి, ఆ మాటే వాడండి. భూమి హక్కుల 1971 చట్టంలో 5-ఎ సెక్షన్ కింద వాటిని క్రమబద్ధం చేసే దారి ఉండేది. 2020లో తెలంగాణ కొత్త చట్టం తెచ్చినప్పుడు ఆ దారి మూసుకుపోయింది. పెండింగు దరఖాస్తుల సంగతి 2025 భూభారతి చట్టంలో మళ్లీ వచ్చింది. ఈ మూడు చట్టాల మధ్య చిక్కుకున్న ఒక్క ఊరి దరఖాస్తులు తీసుకుని రాయండి. మీ తాతగారి పెట్టెలోనే ఒక కాగితం ఉండవచ్చు.

ఆ రంపచోడవరం కుర్రాడి డిసర్టేషన్ ఎక్కడుందో చెబుతానన్నాను. మన లైబ్రరీలోనే ఉంది, రిఫరెన్స్ హాలు చివర, కిటికీ పక్కన ఇనప బీరువాలో. మాస్టారి చేతిమీదుగా వెళ్లినవన్నీ అందులోనే ఉన్నాయి. కాపీ కొడతారన్న భయంతో దానికి తాళం వేశారు, ఆ భయానికి నావంతు కారణం నేనూ ఇచ్చాను. పోయిన నెల అడిగితే తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదన్నారు. తాళం వేశాక కూడా కాపీ ఆగలేదు. మంచి డిసర్టేషన్ ఎలా ఉంటుందో చూసే వీలు మాత్రం పోయింది.

ప్రిన్సిపాల్ గారూ, ఈ ఉపన్యాసానికి మీరిచ్చే పారితోషికం నాకు వద్దు. దాంతో తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించి ఆ బీరువా తెరిపించండి. ఒక రిజిస్టరు పెట్టి, విద్యార్థులు సంతకం చేసి తీసుకునేలా చూడండి. సోమవారం నుంచి వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి ఆ పక్కన కూర్చోవడానికి నేను సిద్ధం.